ఐదు వాద్యాలు, ఒక్క ఘట్టం: చిన్న బృందానికి రాసేటప్పుడు నాదం రంగుతో నాటకీయత తెచ్చే పద్ధతి

నలుగురైదుగురు వాద్యకారుల కోసం సంగీతం రాయడానికి కూర్చున్నవాళ్లు సాధారణంగా ముందు రాగం ఎంచుకుంటారు, తర్వాత తాళం, అన్నీ అయ్యాక ఎవరు ఏ భాగం వాయించాలో పంచుతారు. కచేరీ కృతికి ఈ వరస సరిపోతుంది. వినేవాళ్లు ఒక ఘట్టం దగ్గర ఊపిరి బిగబట్టాలంటే మాత్రం వరస తిరగెయ్యాలి. ఏ క్షణంలో ఏ వాద్యం ఏ గొంతుతో పలకాలో ముందు తేల్చుకోవాలి. ఆ గొంతును అప్పటిదాకా వినిపించకుండా దాచాలి. స్వరాలు ఆ తర్వాత.

దాచడమే ఇందులో అసలు పని. ఐదు వాద్యాలున్నాయి కదా అని ఐదూ మొదటి నిమిషంలోనే వినిపిస్తే, రెండో నిమిషానికి చెవికి కొత్తదంటూ ఏమీ మిగలదు. ఆ తర్వాత ఎంత గట్టిగా వాయించినా చప్పుడు పెరుగుతుందే గానీ నాటకీయత పెరగదు.

దీనికి తిరుగులేని ఉదాహరణ చెక్ స్వరకర్త స్మెతనా 1876లో రాసిన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే రచన). చివరి భాగం ఉల్లాసంగా పరిగెడుతూ ఉన్నట్టుండి ఆగుతుంది. కింది తీగలు వణుకుతుంటే మొదటి వయొలిన్ చాలా ఎత్తున, పాశ్చాత్యులు ‘ఈ’ అనే ఒక్క స్వరాన్ని పట్టుకుని వదలదు. చెవుడు ముంచుకొచ్చే ముందు ఆయన చెవిలో మోగిన కూత అది. ఆ స్వరంలో రాగభావమంటూ ఏమీ లేదు, గమకం (స్వరాన్ని ఊపడం) లేదు. అప్పటిదాకా వినిపించని ఎత్తు, సన్నదనం, దాని కింద ఖాళీ మాత్రమే ఉన్నాయి. పని చేసింది అవే.

మన దగ్గర దొరికే వాద్యాలు

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో చెల్లో, వయోలా వాయించేవాళ్ల కోసం వెతుకుతూ కూర్చోనక్కర్లేదు. వేణువు, వయొలిన్, వీణ, మృదంగం నేర్పేవాళ్లు, నేర్చుకున్నవాళ్లు మూడు ఊళ్లలోనూ ఉన్నారు. ఐదో వాద్యంగా క్లారినెట్ తీసుకోండి. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే బ్యాండు మేళాల్లో మంచి క్లారినెట్ చేతులున్నాయి. వాళ్లకు ఎప్పుడూ గట్టిగా, పై స్థాయిలో వాయించే పనే తగులుతుంది. కానీ ఆ వాద్యం అసలు సొత్తు దాని కింది స్థాయి. చెల్లో లేని లోటును చాలావరకు అదే తీరుస్తుంది.

ఆరో వాద్యం ఒకటి ఒక్కసారి కోసమే పెట్టుకోవచ్చు: అనంతపురం వైపు ఉరుములవాళ్లు వాయించే రెండు వైపుల డోలు, ఉరుము. ఒక వైపు తోలును వంకర పుల్లతో రుద్దితే ఆగకుండా మూలిగినట్టు, గర్జించినట్టు మోత వస్తుంది. రెండో వైపు కర్రతో కొడతారు. కొట్టే వాద్యాలన్నిటికీ దెబ్బ, దాని వెనక అరుగుదల ఉంటాయి. ఉరుము రుద్దుడుకు మొదలేదో తెలియదు, ఆపేదాకా సాగుతుంది. ఐదుగురి బృందంలో ఇంకెవరూ ఇవ్వలేని గొంతు అది. అందుకే ఐదు నిమిషాల రచనలో అది ఒక్క చోటే రావాలి.

హార్మోనియం గురించి ఒక మాట. 1885లో కడప జిల్లా సురభిలో నాటక సమాజం పుట్టిన దగ్గర్నుంచీ సీమలో పద్యనాటకానికి హార్మోనియం ప్రాణం. పాడేవాళ్లకు అది ఇచ్చే ఆసరా గొప్పది. అయితే దాని రంగు మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే. పైగా దాని స్వరాలు బిగించి ఉంటాయి కాబట్టి వీణ, వయొలిన్ గమకాలతో ఒరుసుకుంటుంది. రంగుల మీద నిలబడే రచనలో దాన్ని పెట్టకపోవడమే మంచిది. రాసేటప్పుడు బల్ల మీద పెట్టుకుని వాడండి, వేదిక మీదికి తేవద్దు.

శ్రుతి దగ్గరే సగం రంగు తేలిపోతుంది

బృందానికి ఆధార స్వరంగా (షడ్జం, అంటే ‘స’) ఐదు శ్రుతి, అంటే పాశ్చాత్యుల ‘జి’, పెట్టుకున్నామనుకోండి. ఒక్కో వాద్యానికి దానివల్ల ఏమవుతుందో చూడండి.

వయొలిన్‌కు ఇది అనువైన శ్రుతి. లావు తీగ మామూలు ‘జి’లోనే ఉండి మంద్ర (కింది స్థాయి) షడ్జమవుతుంది, రెండోది ‘డి’లో ఉండి పంచమం (ప) అవుతుంది. పై రెండు తీగల్ని ఒక్కో మెట్టు దించితే మళ్లీ షడ్జ పంచమాలు. దించిన తీగల గొంతు కాస్త మెత్తబడుతుంది.

మామూలు బి ఫ్లాట్ క్లారినెట్‌లో రాసిన స్వరం కంటే ఒక పూర్తి మెట్టు కింద పలుకుతుంది. మీకు ‘జి’ కావాలంటే వాళ్లకు ‘ఎ’ చెప్పాలి. దాని అట్టడుగు స్వరం ‘డి’, అంటే మన లెక్కలో మంద్ర షడ్జానికి కింద పంచమం. అక్కణ్నుంచి ఒక స్థాయి దాకా గొంతు చిక్కగా, నల్లగా ఉంటుంది. ఆ పైన నాలుగు స్వరాలు పలచబడతాయి. ఐదు శ్రుతిలో కైశికి నిషాదం (ని), షడ్జం, శుద్ధ రిషభం (రి) సరిగ్గా అక్కడే పడతాయి. ఇది తెలియక ఆ షడ్జం మీద పెద్ద విరామం పెడితే క్లారినెట్ జలుబు చేసిన గొంతులా వినబడుతుంది, తప్పు వాయించేవాళ్ల మీద పడుతుంది. తెలిసి వాడుకుంటే అదే ఎదురుచూపుకి, బెంగకి పనికొచ్చే రంగు.

ఐదు శ్రుతి వేణువు చిన్నది. దాని కింది పంచమం వయొలిన్ సన్న తీగ ఉత్త మోతకు దరిదాపుల్లో ఉంటుంది. అంటే ‘వేణువు మంద్రం’ అని మీరు రాసినా అది బృందంలో పైనే ఉంటుంది. నిజంగా కింద పలకాలంటే అదే షడ్జం స్థాయి దిగువన పలికే పొడుగాటి వేణువు ఇంకొకటి కావాలి.

వీణను ఐదుకు బిగిస్తే తీగలు తెగుతాయి. రెండు శ్రుతికి, అంటే ‘డి’కి పెట్టి, పంచమం తీగల్ని మధ్యమానికి దించండి. అప్పుడు వీణ మధ్యమమే బృందానికి షడ్జం, వీణ షడ్జం బృందానికి పంచమం. తాళం తీగల్లోని (పక్కన తాళం లెక్కకు మీటే మూడు తీగలు) పంచమాన్ని దించడం మరిచిపోతే అది ‘ఎ’ పలుకుతుంది. బృందం లెక్కలో చతుశ్రుతి రిషభం, అంటే శుద్ధ రిషభం కంటే పైనున్న రి. శుద్ధ రిషభం ఉన్న రాగంలో ఆ తీగ తగిలిన ప్రతిసారీ ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

మృదంగం 22 అంగుళాలది తెచ్చుకోమనండి. 24 అంగుళాలది తగ్గు శ్రుతులకు.

ఒక్కో వాద్యంలో ఎన్ని గొంతులున్నాయి

వయొలిన్‌లోనే కనీసం ఆరున్నాయి, అందుకే ఎక్కువసేపు దీని దగ్గరే ఆగాలి.

కమానును బ్రిడ్జికి (తీగల్ని ఎత్తి పట్టే చెక్కకు) ఆనించినంత దగ్గరగా నడిపితే గీరినట్టు, గాజు మీద గోరు ఆడినట్టు మోత వస్తుంది. అసలు స్వరం కంటే దాంతోపాటు పైన సన్నగా మోగే అనుస్వరాలే ఎక్కువ వినిపిస్తాయి. భయానికి, చలికి, ఏదో రాబోతోందన్న అనుమానానికి ఇది సరిపోతుంది. కమానును ఫింగర్ బోర్డు (వేళ్లు నొక్కే పలక) మీదికి జరిపి తేలిగ్గా నడిపితే వేణువుకు దగ్గరైన మెత్తని గొంతు వస్తుంది, దూరంగా ఎవరో పాడుతున్నట్టుంటుంది. ఈ రెండింటి మధ్య దూరం వేలెడే. ఒకే స్వరాన్ని పట్టుకుని, ఎనిమిది అక్షరాల్లో (తాళంలో ఒక్కో లెక్క ఒక అక్షరం) ఫింగర్ బోర్డు నుంచి బ్రిడ్జి దాకా కమానును జరపమని రాయండి. స్వరం కదలదు, కానీ వినేవాళ్ల ఒళ్లు బిగుస్తుంది.

బ్రిడ్జికి మ్యూట్ (మోతను అణిచే చిన్న బిళ్ల) పెడితే గొంతు ముక్కులోంచి వచ్చినట్టు సన్నబడుతుంది. పెట్టడానికి, తియ్యడానికి వాయించేవాళ్లకు కనీసం ఐదారు సెకన్ల విరామం రాసివ్వాలి. ఇది రాయనివాళ్లే ఎక్కువ. దాంతో వేదిక మీద మ్యూట్ సగం ఊడి బ్రిడ్జి మీద గరగరలాడుతుంది. మ్యూట్ ఒక్కటే పూర్తి భాగాన్ని మొయ్యగలదని హంగరీ స్వరకర్త బార్టోక్ 1928లో రాసిన నాలుగో క్వార్టెట్ చూపిస్తుంది. అందులో రెండో భాగమంతా మ్యూట్లతో, నాలుగో భాగమంతా వేలి మీటుతో నడుస్తుంది. ఒక భాగానికి ఒకే రంగు.

తీగను నొక్కకుండా వేలు ఆనించి వాయిస్తే ఈల లాంటి స్వరాలొస్తాయి. తీగ సగంలో ఆనిస్తే పై స్థాయి, మూడో వంతు దగ్గర ఆనిస్తే ఆ పైనున్న పంచమం, నాలుగో వంతు దగ్గర ఆనిస్తే రెండు స్థాయిల పైన అదే స్వరం. పెద్ద వయొలిన్‌లో మోగే తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు కాబట్టి నాలుగో వంతు అంటే పై నుంచి ఎనిమిది సెంటీమీటర్ల చిల్లర. ఇక్కడ రాగం చూసుకోవాలి. షడ్జం తీగ మీద ఈ మూడూ క్షేమమే. పంచమం తీగ మీద మూడో వంతు దగ్గర ఆనిస్తే పలికేది చతుశ్రుతి రిషభం. శుద్ధ రిషభం ఉండే రేవతి లాంటి రాగంలో అది తప్పు స్వరం. అక్కడ సగం, నాలుగో వంతు చోట్లే వాడండి.

వేలి మీటు సంగతి సులువే: కమాను నుంచి మీటుకు మారడానికి ఒక సెకను, మీటు నుంచి కమానుకు రావడానికి ఇంకాస్త ఎక్కువ ఇవ్వండి. కమాను కర్రతో తీగను కొట్టించే పద్ధతీ ఉంది. మంచి కమాను ఉన్నవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. కావాలంటే చవక కమాను ఇంకొకటి పక్కన పెట్టించండి.

క్లారినెట్‌కున్న గొప్ప శక్తి శూన్యంలోంచి పుట్టడం. మొదలైన సంగతి తెలియకుండా మొదలై, హాలంతా నిండే దాకా పెరగగలదు. వేణువుకు, వీణకు ఇది చేతకాదు. ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ నాలుగు వాద్యాల రచన 1941 జనవరి 15న ఒక యుద్ధఖైదీల శిబిరంలో మొదటిసారి వినిపించారు. అందులో మూడో భాగాన్ని ఆయన ఒంటరి క్లారినెట్‌కే ఇచ్చాడు. వయొలిన్, చెల్లో, పియానో చేతిలో ఉండగా వాటిని ఊరకే కూర్చోబెట్టాడు. ఒంటరితనాన్ని చూపించడానికి అంతకంటే సూటి దారి లేదు. మన క్లారినెట్ వాళ్లకు శూన్యంలోంచి ఎత్తుకోవడం అలవాటుండదు. పల్చటి రీడు వేసుకుని, నాలుకతో కొట్టకుండా ఊపిరితోనే మొదలుపెట్టమని చెప్పాలి. వారం రోజుల సాధనలో పట్టుబడుతుంది.

వేణువు కింది స్థాయిలో గట్టిగా పలకలేదు, పై స్థాయిలో మెల్లగా పలకలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. కింది పంచమంలో విషాదం రాసి పక్కన మృదంగం నడిపిస్తే వేణువు వినబడదు. మైకు పెంచితే ఊపిరి చప్పుడు పెరుగుతుంది, స్వరం కాదు. ఆ ఊపిరి చప్పుడే కావాలనుకుంటే అదీ ఒక రంగే, అప్పుడు పక్కవాళ్లందరినీ ఆపండి.

వీణను బ్రిడ్జి దగ్గర మీటితే గట్టి, లోహపు గొంతు. మెట్ల వైపు జరిగి మీటితే గుండ్రటి గొంతు. ఒకే మెట్టు మీద తీగను లాగి మూడు నాలుగు స్వరాలు పలికించడం ఇంకే వాద్యంలోనూ ఈ రుచితో రాదు. ఇక తాళం తీగలు మూడూ కలిపి ఒక్కసారి మీటితే గుడి గంట దూరంగా మోగినట్టుంటుంది. రచయితలు వాటిని లెక్క కోసమే వదిలేస్తారు. మొదటి మూడు నిమిషాలు తాళం తీగలు అసలు ముట్టొద్దని రాసి, తర్వాత వదిలి చూడండి.

మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అంటిస్తేనే ఆ లోతైన ‘తోం’ వస్తుంది. అంటించకపోతే పొడిగా, చెక్క మీద తట్టినట్టు ఉంటుంది. ఒక రచనలో ముందు పొడి, తర్వాత తడి అని రాయొచ్చు. ముద్ద ముందే కలిపి తడిగుడ్డలో పెట్టుకుంటే అంటించి సరిచూసుకోవడానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం విరామం మీరు ఇవ్వాలి.

రెండు వాద్యాల్ని కలిపి మూడోది చెయ్యడం

వీణకు దెబ్బ ఉంది, నిలకడ లేదు. వేణువుకు నిలకడ ఉంది, దెబ్బ లేదు. వీణ మీటిన అర అక్షరం తర్వాత వేణువు అదే స్వరాన్ని మెల్లగా అందుకుంటే, మీటు తగిలి ఆగకుండా సాగే కొత్త వాద్యం ఒకటి పుట్టినట్టుంటుంది. ఈ కూర్పులో వేణువు గమకం వెయ్యకూడదు.

గమకమే అన్ని జంటల్లోనూ చిక్కు తెచ్చేది. వయొలిన్, వేణువు ఒకే స్థాయిలో ఒకే సంగతి కలిసి వాయిస్తే, ఇద్దరి బాణీలు వేరు కాబట్టి ఊపులు కలవవు, గొంతు బురదబురదగా అవుతుంది. మూడు మార్గాలున్నాయి: ఒకరికి స్థాయి మార్చడం, ఒకరికి గమకం లేకుండా సాదా స్వరం రాయడం, లేదా ఇద్దరిలో ఒకర్ని ఆపేయడం. మూడోది చాలాసార్లు సరైనది.

చేతులు మారడం మరో ఉపాయం. వయొలిన్ మ్యూటుతో పట్టుకున్న స్వరం కిందకి క్లారినెట్ శూన్యంలోంచి చేరి, రెండు అక్షరాలు ఇద్దరూ కలిసి నిలిచి, వయొలిన్ తప్పుకుంటుంది. స్వరం ఒక్కటే, మనిషి మారిపోయాడు. పాత్ర లోపల ఏదో మారిందని చెప్పడానికి నాటకంలో దీపం రంగు మార్చినట్టే ఇది.

పైన ఒకరు, అట్టడుగున ఒకరు, మధ్య మూడు స్థాయిల ఖాళీ పెడితే ఎడారి. అందరూ ఒకే పంచమం చుట్టూ ఇరుకుగా ముడుచుకుంటే ఉక్కపోత. ఇవి రెండూ రాగంతో సంబంధం లేకుండా పనిచేస్తాయి.

ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతి పెట్టె కూడా ఒక వాద్యమే. అది మోగుతున్నంతసేపూ ఎవరికీ గుర్తుండదు. ఆగిన క్షణం కాళ్ల కింద నేల లాగేసినట్టవుతుంది. టక్కున కట్టేస్తే చప్పుడొస్తుంది కాబట్టి ఐదు సెకన్లలో గుండీ తిప్పి తగ్గించాలి. ఆ పని ఎవరిదో కాగితం మీద రాయండి. ఆ సమయానికి చెయ్యి ఖాళీగా ఉన్నవాళ్లదే అవ్వాలి.

గడుల కాగితం

ఒక స్వరం రాయకముందే ఈ కాగితం గియ్యాలి. నిమిషానికి 64 అక్షరాల నడక, ఆదితాళం అనుకుంటే రెండు ఆవర్తనాలు (ఎనిమిదేసి అక్షరాల చుట్లు) సరిగ్గా 15 సెకన్లు. అడ్డంగా 20 గడులు గీస్తే ఐదు నిమిషాలు, 40 ఆవర్తనాలు. నిలువుగా ఐదు వాద్యాలకు ఐదు వరసలు. మొత్తం నూరు గడులు. ఏ గడిలో ఎవరు మోగుతారో రంగు పెన్సిలుతో నింపండి. ఒక్కో గొంతుకు ఒక్కో రంగు: వయొలిన్ మ్యూట్ వేరు, బ్రిడ్జి వేరు, మీటు వేరు. నిండిన గడులు సగం దాటాయంటే మళ్లీ చెరిపి చూడాల్సిందే.

ఒక రచన పూర్తిగా చూద్దాం. విషయం: తాడిపత్రి దగ్గర ఎండిపోయిన పెన్నలోకి నీళ్లు రావడం. రాగం రేవతి, ఐదు స్వరాలే: షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. చివరిదాకా రాగం మార్చకూడదు. నీళ్లొచ్చాయి కదా అని ఆనందానికి ఇంకో రాగం ఎత్తుకుంటే రంగు చెయ్యాల్సిన పని రాగం చేసేస్తుంది, కథ మొత్తం సులువైపోతుంది.

1 నుంచి 4 గడులు, ఎండిన ఇసుక. వయొలిన్ మ్యూటుతో, షడ్జం తీగ మీద నాలుగో వంతు దగ్గర వేలు ఆనించి ఈల స్వరం. వీణ గడికి ఒక్క మీటు, కింది స్వరాల్లో. పైన సన్నటి గీత, అడుగున ఒక చుక్క. మృదంగం లేదు. శ్రుతి పెట్టె తక్కువ చప్పుడుతో.

5 నుంచి 8, చెలమ తవ్వడం. వయొలిన్, వీణ ఆగిపోతాయి. మృదంగం ఎడమ వైపు రవ్వ లేకుండా వేళ్ల కొసలతో పొడిగా తడుతుంది, ఆవర్తనానికి ఐదారు దెబ్బలు మించకుండా. వేణువు కింది పంచమం, నిషాదం, షడ్జం మీద చిన్న చిన్న ముక్కలు పలుకుతుంది, ముక్కకీ ముక్కకీ మధ్య ఊపిరి వినబడేలా. ఈ మూడు స్వరాల ముక్క గుర్తుంచుకోండి. ఈలోగా వయొలిన్ వాళ్లు మ్యూట్ తీసేస్తారు.

9 నుంచి 12, ఎదురుచూపు. వేణువు మానుతుంది. క్లారినెట్ ఆ పలచటి చోట నిషాద షడ్జ రిషభాల మధ్య తారాడుతుంది, ఎక్కడా నిలవదు. వయొలిన్ వేలి మీటుతో అడపాదడపా. మృదంగం 9వ గడి దాకా సాగి ఆగుతుంది. ఆగిన దగ్గర్నుంచి 14వ గడి చివరిదాకా 75 సెకన్లు విరామం. రవ్వ ముద్ద అంటించుకునేది అప్పుడే. 12వ గడి మొదట్లో వేణువు వాళ్లు శ్రుతి పెట్టెను తగ్గించి ఆపుతారు. అదే గడి చివరి రెండు అక్షరాలు వయొలిన్‌కు ఖాళీ, కమాను అందుకోవడానికి.

13వ గడి. వయొలిన్ ఒక్కటే, లావు తీగ షడ్జం మీద, బ్రిడ్జికి ఆనించి, కమాను కొసతో వణికిస్తూ. శ్రుతి లేదు, లయ లేదు.

14. ఉరుము. వయొలిన్ ఆగిపోవాలి. ఉరుము వాయించేవాళ్లు తెర వెనక ఉండాలి, మైకు ఉండకూడదు. వంకర పుల్లతో రుద్దడం మొదలుపెట్టి పదిహేను సెకన్లలో పెంచాలి, కర్ర దెబ్బ వెయ్యకూడదు. ఇంత ఖాళీ తర్వాత ఈ గొంతు వస్తే జనం ముందు వాద్యం అనుకోరు. నేలలోంచి ఏదో వస్తోందనుకుంటారు.

15వ గడిలో క్లారినెట్ ఉరుము కిందనుంచి పుడుతుంది, దాని అట్టడుగు పంచమం మీద. మూడున్నర నిమిషాలు దాచిపెట్టిన స్వరమది. వయొలిన్ నిండు కమానుతో, మృదంగం రవ్వ వేసిన ఎడమతో, వీణ తాళం తీగలన్నీ మీటుతూ అందుకుంటాయి. 16, 17 గడుల్లో వేణువు తారస్థాయికి ఎక్కుతుంది. ఉరుము 16వ గడి చివర, నాలుగు నిమిషాలకు ఆగాలి. ఇక్కడ ఆశపడి ఉరుమును చివరిదాకా సాగదీస్తారు, అలా చేస్తే అది మామూలు వాద్యమైపోతుంది.

18 నుంచి 20, పారుతున్న నీళ్లు. వయొలిన్, వేణువు ఆగిపోయాయి. చెలమ దగ్గర వేణువు పలికిన పంచమ నిషాద షడ్జ ముక్క ఇప్పుడు క్లారినెట్ కింది గొంతులో, రెండింతలు నిదానంగా వస్తుంది. మృదంగం 18తో ముగిస్తుంది. వీణ ఒక్కో స్వరాన్ని లాగి వదులుతూ, చివర తాళం తీగల మీద ఆగుతుంది.

లెక్క చూసుకోండి: వయొలిన్ 12, వీణ 10, మృదంగం 9, వేణువు 6, క్లారినెట్ 10. నూటికి 47 గడులు. వేణువు వాళ్లు ఆరు గడులకే ఇంత దూరం రావాలా అని నొచ్చుకోవచ్చు. వాళ్లకు గడుల కాగితం చూపించి మాట్లాడండి. తాము ఎందుకు ఆగుతున్నామో తెలిసినవాళ్లు ఆగడం కూడా బాగా చేస్తారు.

రచన అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. మొత్తాన్ని హార్మోనియం మీద ఒక్కరే వాయించి చూడండి. నాటకీయత అలాగే ఉందంటే మీ రంగులు అలంకారానికే ఉన్నాయని అర్థం. 13, 14 గడుల దగ్గర హార్మోనియంలో వాయించడానికే ఏమీ లేకుండా పోతే రచన సరైన దారిలో ఉంది.

కాగితం మీద ఎలా రాయాలి

మన వాద్యకారులు ఎక్కువమంది స్వరలిపి చదువుతారు. బ్యాండులో వాయించేవాళ్లు విని పట్టుకుంటారు. స్వరాల వరస కింద ఇంకో వరస గీసి గొంతు గుర్తులు రాయండి: ‘బ్రి’ అంటే బ్రిడ్జి దగ్గర, ‘ఫిం’ అంటే ఫింగర్ బోర్డు మీద, ‘మ్యూ’ అంటే మ్యూట్, ‘మీ’ అంటే వేలి మీటు, ‘ఈ’ అంటే ఈల స్వరం. చప్పుడుకు 0 నుంచి 5 దాకా అంకెలు. 0 అంటే శూన్యంలోంచి. స్వరం మీద చిన్న గీత ఉంటే గమకం వద్దని. ఈ గుర్తు లేకపోతే అలవాటుకొద్దీ ప్రతి స్వరమూ ఊగుతుంది. మొదటి పేజీలో ఈ గుర్తులన్నీ ఒక పట్టీగా ఇచ్చి, విరామాల దగ్గర ఆ సమయంలో చెయ్యాల్సిన పని కూడా రాయండి: ‘మ్యూట్ తియ్యాలి’, ‘రవ్వ అంటించాలి’, ‘పెట్టె తగ్గించాలి’. క్లారినెట్ వాళ్లకు 15 సెకన్ల గడుల్లో మీరే పాడి ఫోనులో రికార్డు చేసి పంపండి.

హాలులో చెడిపోయేవి

ఎన్ని రంగులు రాసినా మైకుల దగ్గర పోతాయి. సౌండు చూసేవాళ్లు అలవాటుగా అన్నిటికీ ఎకో వేస్తారు. దాంతో బ్రిడ్జి గొంతూ ఫింగర్ బోర్డు గొంతూ ఒకటే అయిపోతాయి, 12వ గడి నిశ్శబ్దం నిండా పాత మోతలు తిరుగుతుంటాయి. ఎకో పూర్తిగా తీసేయమని ముందు రోజే అడగండి. వీణకు మైకు తప్పనిసరి. క్లారినెట్‌కు వద్దు. వేణువు మైకును నోటికి ఎదురుగా కాక పక్కగా, జానెడు దూరంలో పెట్టించండి. రెండొందలమంది లోపు పట్టే హాలైతే వీణకు తప్ప దేనికీ మైకు లేకుండా ప్రయత్నించడం మేలు.

ఎండాకాలం సంగతి సీమలో వేరే చెప్పక్కర్లేదు. గాలి వేడెక్కేకొద్దీ వేణువు, క్లారినెట్ శ్రుతి పైకి పోతుంది, తీగల శ్రుతి కిందికి జారుతుంది. పొడి గాలికి మృదంగం తోలు బిగుసుకుని ఎక్కుతుంది. ఏసీ గదిలో శ్రుతి చేసుకుని వేడి వేదిక మీదికి వస్తే ముగ్గురూ మూడు దారులు. వాయించే చోటే, లైట్లన్నీ వేసి, అరగంట కూర్చున్నాక శ్రుతి చెయ్యండి. రవ్వ ముద్ద కూడా ఆ వేడికి పది నిమిషాల్లో పొడిబారి రాలుతుంది కాబట్టి తడిగుడ్డ మరవొద్దు. 13వ గడిలో పైన ఫ్యాను గరగరమంటే ఆ గడి వృథా. ఫ్యాన్లు ఆపించలేకపోతే ఆ ఘట్టాన్ని ఇంకాస్త చప్పుడుతో మళ్లీ రాసుకోవాలి.

సాధన మూడుసార్లయినా జరగాలి. మొదటిది గొంతులకే: స్వరాలు పక్కన పెట్టి, ఒక్కొక్కరూ తమ భాగంలోని రంగులన్నీ ఒకే షడ్జం మీద వాయించి చూపాలి. రెండోది గడుల కాగితం, గడియారం ఎదురుగా పెట్టుకుని. మూడోది హాలులో. ఫోనును చివరి వరస కుర్చీలో పెట్టి రికార్డు చేసి విన్నాక, 13వ గడి వయొలిన్ అక్కడిదాకా చేరకపోతే కమానును బ్రిడ్జి నుంచి కొద్దిగా జరపమనండి. 15వ గడిలో క్లారినెట్ ఎప్పుడు మొదలైందో తెలిసిపోతుంటే ఉరుమును ఇంకో నాలుగు అక్షరాలు అదే చప్పుడుతో నిలిపి, క్లారినెట్‌ను దాని కిందనే పుట్టించండి.